బొంగురు డబ్బా

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు కలిసినప్పుడల్లా నన్ను ఒకే ప్రశ్న అడుగుతారు. "మేడమ్, మీరు చేసినవాటిలో బెస్ట్ ప్రాజెక్ట్ ఏది?" బెస్టులన్నీ మీ బయోడేటాల్లో రాసుకోండి నాయనా. నేను మాత్రం ఒక వెధవ పని గురించి చెబుతాను. అరవై ఐదేళ్ల వయసులో, పట్టపగలు, కళ్లజోడు పెట్టుకుని మరీ చేసిన వెధవ పని. చేసింది నేను అనడం కన్నా నా కుడిచెయ్యి అనడం న్యాయం. కానీ చెయ్యి నాదే కాబట్టి తప్పించుకునే దారి లేదు.

ముందు ఆ చేతికి ఆ అలవాటు ఎలా అబ్బిందో చెప్పాలి.

నేను ముప్పై ఏడు సంవత్సరాలు ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో పరీక్షల విభాగంలో పనిచేశాను. మొదట్లో మా దగ్గరికి వచ్చేవి జెర్మేనియం అనే పదార్థంతో చేసిన పాతకాలపు ట్రాన్సిస్టర్లు. చింతగింజంత లోహపు బుడిపె, దాని కింద మూడు తీగలు. ఆ తీగల్ని కాళ్లు అనేవాళ్లం. లోపల ఏముందో తెలియకపోయినా ఫరవాలేదు, దాన్నొక కుళాయి అనుకోండి చాలు. కట్టేసినప్పుడు చుక్క కారకూడదు. మా పని దాన్ని కట్టేసి, ఇంకా ఎంత కరెంటు కారుతోందో మీటరులో చూడడం. హద్దులో ఉంటే పచ్చ ట్రేలోకి. హద్దు దాటితే ఆ అంకె ఎర్ర సిరాతో రిజిస్టరులో రాసి, కటింగ్ ప్లయర్‌తో మూడు కాళ్లూ మొదలంటా కత్తిరించి, ఎర్ర ట్రేలో పడేయాలి. కత్తిరించకపోతే ఎవరో ఒకరు మళ్లీ దాన్ని మంచివాటిలో కలిపేస్తారని భయం. మేం చేరకముందు ఎప్పుడో అలా కలిసి పరువు పోయిందట. ఆ కథ చేరిన మొదటి రోజునే మాకు నూరిపోశారు.

చూడు, రాయి, కత్తిరించు. పద్నాలుగు మంది ఆడవాళ్లం వరసగా కూర్చునేవాళ్లం. ఒకామె మరిది పెళ్లి గురించి చెబుతుంటే ఇంకొకామె పచ్చడి కొలత అడిగేది. నోళ్లు ఆగేవి కావు, ప్లయర్లూ ఆగేవి కావు. కొన్నేళ్లకు చెయ్యి తనంతట తానే పనిచేయడం నేర్చుకుంది. ఇంట్లో చిక్కుడుకాయలు బాగుచేస్తూ పుచ్చు కనిపిస్తే రెండు కొనలూ తుంచి మరీ అవతల పడేసేదాన్ని. "అది మళ్లీ మంచివాటిల్ల కలుస్తదని భయమా?" అని మా ఆయన నవ్వేవాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. ఉద్యోగంతో వచ్చిన బుద్ధి కూడా అంతేనని నాకు ఆలస్యంగా తెలిసింది.

రిటైరయ్యాక కొన్నేళ్లు టీవీతోనూ బీపీ మాత్రలతోనూ కాలక్షేపం చేశాను. దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఫ్లాట్ కింద కోచింగ్ సెంటరు. అక్కడి పిల్లల హడావిడి చూస్తూ బాల్కనీలో కూర్చోవడమే నా దినచర్య. అట్లాంటి రోజుల్లో మా పాత సహోద్యోగిని ఒకామె చెప్పిందని ఎల్బీనగర్ నుంచి ఒకబ్బాయి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఓనరు. విజయవాడ వైపు కుటుంబం. ఇక్కడే పుట్టి పెరిగినా ఇంటి మాట పోలేదు.

"మేడమ్, మీకు జెర్మేనియం ట్రాన్సిస్టర్ల గురించి బాగా తెలుసంటగా?" అన్నాడు.

"తెలుసుడేంది బాబూ, వాటి తాతముత్తాతలు గూడ తెలుసు" అన్నాను.

ఆ గర్వానికి తగిన శాస్తి తర్వాత జరిగింది లెండి.

మెట్రోలో మూడు స్టేషన్లు. దిగి నాలుగడుగులు వేస్తే కింద టిఫిన్ సెంటరు, పై అంతస్తులో వాళ్ల ఆఫీసు. పొద్దున పదకొండు దాకా సాంబారు వాసన. వాళ్లు చేసే పని నాకు మొదట అర్థం కాలేదు. గిటారు వాయించేవాళ్లు కాలి దగ్గర ఒక చిన్న డబ్బా పెట్టుకుంటారు. దాన్ని తొక్కితే గిటారు మెత్తటి స్వరం పగిలి, గరగరలాడుతూ బయటికి వస్తుంది. ఫజ్ పెడల్ అంటారు. మీ అమ్మమ్మల కాలంలో చేసినవాటికి ఇప్పుడు గిరాకీ ఎక్కువ, దొరకడం తక్కువ. అందుకని వీళ్లు ఒక పాత డబ్బా తెచ్చి, విప్పి, లోపలి ప్రతి వస్తువునూ కొలుస్తారు. ఆ కొలతలతో కంప్యూటరులో అదే డబ్బాను లెక్కలతో కడతారు. గిటారు వైరును కంప్యూటరుకి గుచ్చితే డబ్బా లేకుండానే ఆ గరగర వస్తుంది. ఆ పాత డబ్బాల్లో ఉండేవి జెర్మేనియం ట్రాన్సిస్టర్లు. ఆఫీసులో పిల్లలెవరూ వాటిని పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. అందుకు నేను.

నా పక్క బల్ల బడంగ్‌పేట్ నుంచి స్కూటీ మీద వచ్చే ఒక అమ్మాయిది. కంప్యూటరులో డబ్బా కట్టే లెక్కలన్నీ ఆమే రాసేది. మొదటి వారం నన్ను మేడమ్ అంది, రెండో వారానికి ఆంటీ అయ్యాను. నేను ఆమెకు తీగలు అతికించే సోల్డరింగ్ నేర్పాను, ఆమె నాకు లాప్‌టాప్ నేర్పింది. ఎవరు ఎవరిని ఎక్కువ తిట్టారో చెప్పడం కష్టం.

ఆ అమ్మాయి ఒకసారి కర్మన్‌ఘాట్‌లో చుట్టాల పెళ్లికి వెళ్లి, బరాత్‌లో ఒక పెద్దాయన గిటారు విని, మర్నాడు ఆయన్ని ఆఫీసుకే తీసుకొచ్చింది. డెబ్బై దాటిన మనిషి. బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. వయసులో ఉన్నప్పటి నుంచీ సాయంత్రాలు ఆర్కెస్ట్రాల్లో గిటారు వాయించాడు, గణపతి మండపాల్లో, పెళ్లిళ్లలో. చేతిసంచిలోంచి ఒక స్టీలు టిఫిన్ డబ్బా తీసి నా బల్ల మీద పెట్టాడు. మూతకి రెండు రంధ్రాలు పొడిచి, బటన్లు బిగించి ఉన్నాయి.

"నమస్తే చెల్లె. నువ్వేనట గదా గివన్ని చూసేది?" అన్నాడు.

"నేనే అన్నా. ఇదెవలు చేసిన్రు?"

"మా తమ్ముడు" అని, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "వానికి చిన్నప్పుడు ఏందో గొంతు జబ్బొచ్చింది. గప్పటి సంది బొంగురు గొంతే. బడిల పోరలు కప్ప, కప్ప అని ఏడిపిచ్చేటోళ్లు. వానికేమో పాటలంటే పానం. గా గొంతుతోని ఎవలు పాడనిస్తరు? రేడియో మెకానిక్ అయిండు. ఒక దినం గీ డబ్బా తెచ్చి నా గిటారుకు తగిలిచ్చి, 'అన్నా, ఇగ నేను పాడుతున్న, ఇను' అన్నడు. గదే గొంతు చెల్లె. అచ్చం వాడే."

ముప్పై నిండకుండానే ఆ తమ్ముడు పోయాడట. కామెర్లు. దవాఖానలో నాలుగు రోజులు కూడా ఉండలేదు.

"వాని ఫోటోలు రెండున్నయి. గొంతు ఏ టేపుల లేదు. ఇగ గీ డబ్బాలనే ఉన్నది. ఈ నడుమ ఆగి ఆగి పలుకుతున్నది, గిది గూడ పోతదేమోనని పరేషాన్ అయితున్న. మీ కంప్యూటర్ల వాని గొంతు దాసిపెడ్తరని గీ బిడ్డ చెప్పింది. దాసిపెట్టుండ్రి. డబ్బా మాత్రం ఎట్లిచ్చిన్నో గట్ల నాకు వాపస్ కావాలె."

"ఇస్త అన్నా. నాది జిమ్మేదారి" అన్నాను.

ఆయన తన గిటారుకి దాన్ని తగిలించి పది నిమిషాలు వాయించాడు. అమ్మాయి రికార్డు చేసుకుంది. ప్రతి స్వరం గట్టిగా లేచి, చివరికొచ్చేసరికి గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు గరగరమని ఆగిపోయేది. టిఫిన్ సెంటరు వంటాయన పైకొచ్చి గుమ్మంలో నిలబడి విన్నాడు. నిజం చెప్పాలంటే నాకు అది పెద్దగా నచ్చలేదు. ఎక్కడో ఏదో లీకవుతోంది అనుకున్నాను. అంత తెలిసినదాన్ని, ఆపై ఒక్క అడుగు ముందుకు ఆలోచించలేదు.

మర్నాడు పొద్దున డబ్బా విప్పాను. లోపల రెండు ట్రాన్సిస్టర్లు. కాళ్లకు నల్లటి సన్నని ప్లాస్టిక్ గొట్టాలు తొడిగి ఉన్నాయి. ఒకటి మరొకటి తగలకుండా అందరూ తొడుగుతారు కాబట్టి నేను పట్టించుకోలేదు. రెండింటినీ జాగ్రత్తగా ఊడదీశాను. పక్కన అమ్మాయి, హాస్టల్లో ఉండే చెల్లెలికి పెరుగు తోడుకోవడం లేదని చెబుతోంది. నేను సలహా చెబుతున్నాను. అదే పాత వరస, అదే పాత కబుర్లు. మొదటి ట్రాన్సిస్టరు మీటరుకి పెట్టాను. బాగుంది. రెండోది పెట్టాను. ముల్లు హద్దు దాటి అవతలికి పోయింది. ఎర్ర పెన్నుతో అంకె రాశాను. ప్లయర్ అందుకున్నాను. టిక్, టిక్, టిక్.

"పాలు గోరువెచ్చగ ఉండాలె, వేలు పెడితే కాలొద్దు" అంటున్నాను అప్పటికింకా.

"ఆంటీ" అంది అమ్మాయి. "అదెందుకు కట్ చేసిన్రు?"

"రిజెక్ట్ గదా" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి బయటికొచ్చి నా చెవిన పడ్డాక గాని నాకు తెలివి రాలేదు. నేనున్నది ఫ్యాక్టరీలో కాదు. నా ముందున్నది పచ్చ ట్రే, ఎర్ర ట్రే కాదు. ఒక మనిషి తమ్ముడి గొంతు. ఆ కారుతున్న చుక్కే ఆ బొంగురు. కారని ట్రాన్సిస్టరుతో ఆ డబ్బా ఎన్నడూ అట్లా పలకదు. ఇవన్నీ నాకు తెలిసిన విషయాలే, నా చేతికి తెలియదు అంతే.

మూడు కాళ్లూ మొదలంటా పోయాయి. ఇంత పనిమంతురాలిని కదా, మిల్లీమీటరు మొండి కూడా మిగల్చలేదు.

ఓనరు వచ్చి చూశాడు. కోప్పడలేదు. కోప్పడితేనే బాగుండేది. మంచినీళ్లు తెచ్చిచ్చి, "పోనివ్వండి మేడమ్, అదే నంబరుది ఇంకోటి పెట్టేద్దాం. బయటికి చూస్తే తెలీదుగా. డెబ్బై ఏళ్ల మనిషి, ఆయనకేం తెలుస్తుందండీ? మీరెందుకు మాటపడడం?" అన్నాడు. నన్ను కాపాడాలనే అన్నాడు పాపం.

ఛీ, అట్లా చేస్తానా అని నేను లేచి నిలబడ్డానని రాస్తే బాగుంటుంది. కానీ నేను వద్దనలేదు. నా దగ్గర పాత రోజులవి ఏడు ట్రాన్సిస్టర్లున్నాయి. ఒక్కొక్కటే పెట్టి, మొదటి రోజు రికార్డింగు పక్కన పెట్టి విన్నాను. ఏడూ శుభ్రంగా పలికాయి. ఆ శుభ్రమే పనికిరాలేదు. మూడు రోజులు అదే పని. ఈలోగా ఆ పెద్దాయన రెండుసార్లు ఫోన్ చేశాడు, ఎత్తలేదు. మూడోసారి ఎత్తి, "నడుస్తున్నదన్నా, జర టైం పడ్తది" అన్నాను. "నిమ్మళంగ చెయ్యి చెల్లె, తొందర లేదు" అన్నాడు. ఫోన్ పెట్టేశాక తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ముప్పై ఏడేళ్లలో ఒక్క తప్పుడు అంకె రాయని మనిషిని, ఒక్క ఫోన్ కాల్‌లో అబద్ధాలకోరునైపోయాను.

నాలుగో రోజు తెగించి సరూర్‌నగర్‌లో ఆయన ఇంటికి వెళ్లాను. ఆ ట్రాన్సిస్టరునూ, దాని మూడు తెగిన కాళ్లనూ నా బీపీ మాత్రల డబ్బాలో దూది వేసి పెట్టుకున్నాను. ఆయన భార్య, అంటే నాకు వదినె, తలుపు తీసి, మంచినీళ్లిచ్చి, చాయ్ పెడతానంది. నీళ్లు తాగకముందే చెప్పేశాను. తాగాక చెబితే ఆ నీళ్లు కూడా అరగవనిపించింది.

వదినె ఊరుకోలేదు. ఎందుకు ఊరుకుంటుంది?

"నువ్వు సదువుకున్నదానివేనా? గా డబ్బా మీద దుమ్ము గూడ నన్ను దులపనియ్యడు గీ మనిషి! పెండ్లాన్ని, నన్నే ముట్టనియ్యలే. నమ్మి నీ చేతుల పెడితే కాళ్లు నరుకుతవా? ఏం పోయేకాలమొచ్చింది నీకు?"

"జర ఆగవే" అన్నాడాయన. గోడ మీద గడియారం చప్పుడు వింటూ నేను గుమ్మంలో విడిచిన నా చెప్పుల వంక చూస్తూ కూర్చున్నాను. ఆఖరికి "ఏది, చూపియ్యి" అన్నాడు.

మాత్రల డబ్బా ఇచ్చాను. బుడిపెను పక్కన పెట్టి, తెగిన కాలు ఒకటి తీసుకుని, దాని నల్ల గొట్టాన్ని గోటితో లాగాడు. లోపల తీగ పైకొన దగ్గర చిన్న సోల్డరు ముద్ద. కిందిది రాగి తీగ, పైది వేరే తీగ. అతుకు.

"గీ గొట్టం తీసి చూసినవా?"

"లేదన్నా."

"గిది పుట్టినప్పటి కాలు కాదు చెల్లె. అతుకు కాలు. మావోడు తుక్కు బజార్ల కిలోల లెక్క తెచ్చేటోడు, ఫ్యాక్టరీల పారేసినవి. అన్నిటికి కాళ్లు నరికే ఉండేటియి. వానికి అవే కావాలె. మీటరు పెట్టి చూసి, మంచిగున్నయన్ని అవతల పారేసేటోడు. బాగ కారేదాన్నే ఏరుకునేటోడు. పిచ్చోడనుకునేటోన్ని."

"ఏ ఫ్యాక్టరీవన్నా?"

చెప్పాడు. మాదే.

మా విభాగంలో పద్నాలుగు మందిమి, అవతల ఇంకో షిఫ్టు. ఆ ట్రాన్సిస్టరు కాళ్లు మొదటిసారి కత్తిరించింది నేనే అనడానికి ఆధారం లేదు, కాదనడానికీ లేదు. మేం హద్దు దాటిందని పారేసినవాటిలోంచి ఒకడు తన గొంతు ఏరుకున్నాడు. నా ఎర్ర సిరా అంకెలన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. వాటిలో ఎవరెవరి గొంతులున్నాయో అని ఒక పిచ్చి ఆలోచన వచ్చింది. తప్పు చేశామా అంటే లేదు, రేడియోకి అవి పనికిరావు, మా హద్దు సరైనదే. కాకపోతే అది రేడియోకి హద్దు. ఆ సంగతి ఎర్ర ట్రేకి ఎవరూ చెప్పలేదు.

"ఏమైంది చెల్లె? మొహం గట్లయిందేంది?" అన్నాడాయన.

"గవి నరికేటోళ్లల్ల నేనొకదాన్ని అన్నా" అన్నాను.

ఆయన నా వంక చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. "అంటే రెండోపారి నరికినవన్నట్టు! ఇన్నవానె? పగబట్టినట్టున్నది మావోని మీద!" తిడదామని నోరు తెరిచిన వదినె కూడా ఆపుకోలేక నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. చాయ్ వచ్చింది, తాగాను.

"వాడు అతుకు పెట్టినప్పుడు తడిబట్ట పట్టుకునేటోన్ని నేనే. రేపొస్త. నువ్వు అతుకు పెట్టు" అన్నాడు.

జెర్మేనియానికి వేడి పడదు. సోల్డరింగ్ ఇనుము రెండు క్షణాలు ఎక్కువ తగిలితే లోపల మాడిపోతుంది. అందుకే తడిబట్ట. మర్నాడు భూతద్దం కింద ఆ బుడిపెను బిగించి, నా వైపు నేను, ఆయన వైపు ఆయన కూర్చున్నాం. నాకు చెయ్యి వణుకుతుంది, ఆయనకు కళ్లు ఆనవు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి. మొదటి కాలు మధ్యాహ్నానికి అతికింది. రెండోది చప్పున అతుక్కుంది. మూడోదానికి నలుసంత మొండి కూడా లేదు, కాలు బయటికొచ్చే చోట చుట్టూ ఉండే గాజుపూసకు సమానంగా తెగిపోయింది.

"ఇగ నాతోని గాదన్నా" అని ఇనుము కింద పెట్టేశాను.

"గాజు గీకు. మావోడు గట్లనే చేస్తుండె. జర గీకితె లోపల తీగ కనవడ్తది."

సూదితో గీకాను. గాజు నలుసు ఊడినప్పుడల్లా ఆగి భూతద్దంలో చూసేదాన్ని. లోపల తీగ తళుక్కుమంది. అమ్మాయి తడిబట్ట మారుస్తూ ఉంది, ఓనరు ఫ్యాన్ ఆపి గుమ్మం దగ్గర కాపలా ఉన్నాడు. మూడో కాలు నిలబడింది. డబ్బాలో బిగించి గిటారు తగిలిస్తే, మొదట గుర్రుమని, తర్వాత పలికింది. బొంగురుగానే. ఆయన చేతులెత్తి నాకు దండం పెట్టబోతే, "వద్దన్నా, పాపం తగుల్తది" అని వారించాను.

అప్పుడే చెప్పాల్సిన మాట ఒకటి నేను చెప్పలేదు. బిగించేముందు అలవాటుగా ఇంకోసారి మీటరు పెట్టి చూశాను. మొదటి రోజు ఎర్ర సిరాతో రాసిన అంకె కంటే లీకేజీ పెరిగింది. నేను పెట్టిన వేడి, నేను గీకిన గాజు, దేనివల్లనో తెలియదు. అంత సంతోషం మీద నీళ్లు చల్లబుద్ధి కాలేదు. ఈమాత్రం తేడా మనిషి చెవికి తెలుస్తుందా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఓనరు మాటే నేనూ అంటున్నానని అప్పుడు తట్టలేదు.

పని అయ్యేదాకా ఆయన డబ్బాను మా దగ్గరే ఉంచి వెళ్లాడు. అది ఎప్పుడైనా ఆగిపోవచ్చు కాబట్టి మిగిలిన కొలతలన్నీ గబగబా తీశాం. ఆఖరికి అమ్మాయి అడిగింది. "ఆంటీ, ట్రాన్సిస్టర్ లీకేజీ ఏది పెట్టాలె? మీరు ఫస్ట్ రాసిందా, ఇప్పుడున్నదా?"

"మొదటిదే పెట్టు" అన్నాను. "ఇప్పుడున్నది నాది. మొదటిది ఆయన తమ్మునిది."

ఆ పిల్ల రెండు నెలలు దాన్ని పట్టుకుని వేలాడింది. మొదటి రోజు పది నిమిషాల రికార్డింగు పక్కన పెట్టుకుని, స్వరం చివర ఆ గొంతు అడ్డం పడే చోటు కోసమే మూడు వారాలు కూర్చుంది. తిండి మానేస్తే తిట్టాను. ఒక రోజు హెడ్‌ఫోన్స్ నా చెవులకు పెట్టి, నా ముఖం చూసింది. చివరిదాకా విని, లాప్‌టాప్ మూసేశాను. ఆ పూట ఇద్దరం కిందికి వెళ్లి నేతి దోశ తిన్నాం.

పెద్దాయనకు వినిపించే రోజు వచ్చింది. వదినె కూడా పట్టుచీర కట్టుకుని వచ్చింది. పిండివంటల డబ్బా ఓనరు చేతిలో పెట్టి, నా వంక మాత్రం ఇంకా అనుమానంగానే చూసింది. ఇందులో ఏది డబ్బా, ఏది కంప్యూటరు అని తెలియకుండా వినాలని అమ్మాయి ఏర్పాటు. ఆయన మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. వాయించేది ఆయనే. గిటారు ఎటు పోవాలో మీట నొక్కేది అమ్మాయి.

మొదటిది వాయించాడు. తల ఊపాడు. "మంచిగున్నది" అన్నాడు, చుట్టాలింట్లో కూర మెచ్చుకున్నట్టు.

అమ్మాయి మీట నొక్కింది. అదే స్వరం మళ్లీ మీటాడు. చివరికి అది గరగరమని ఆగేచోట ఆయన చెయ్యి తీగ మీద అలాగే ఉండిపోయింది. మళ్లీ మీటాడు. వదినె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గిదే" అన్నాడు. "గిదే మావోడు. అన్నా అని పిలుస్తుండు."

"అంకుల్, అది లాప్‌టాప్!" అని అమ్మాయి ఎగిరి గంతేసింది. ఓనరు చప్పట్లు కొట్టాడు. ఇట్లాంటి పనిలో ఇంతకంటే పెద్ద మెప్పు లేదు. ఆయన నవ్వుతూ ఇటు తిరిగాడు. లాప్‌టాప్ చూశాడు, పిల్ల తల నిమిరాడు. తర్వాత బల్ల మీద ఉన్న స్టీలు డబ్బా వంక చూశాడు. నవ్వు ఆగిపోయింది. దాని మీద చెయ్యేసి, నా వైపు తిరిగి అడిగాడు.

"మరి గిండ్ల ఉన్నదెవలు, చెల్లె?"

"అంటే సర్, చిన్న తేడా ఉంటుందండీ..." అని ఓనరు మొదలుపెట్టాడు. నేను చెయ్యి అడ్డం పెట్టి ఆపాను. ఈసారి ఫోన్ కాదు, ఎదురుగా మనిషి ఉన్నాడు.

"అన్నా, ఎట్లిచ్చినవో గట్ల ఇస్త అన్న. ఇయ్యలేకపోయిన. అతుకు పెట్టిన దినమే మీటర్ల చూసిన, మారింది. నీకు చెప్పలే. నీ సంతోషం చూసి నోరు రాలే. నీకు తెలవదనుకున్న. తప్పు నాది."

ఆయన డబ్బాను దగ్గరికి లాక్కున్నాడు. మూత మీది బటన్లను వేలితో తడుముతూ కూర్చున్నాడు. ఆ కాసేపట్లో ఆయన లేచి వెళ్లిపోతే బాగుండుననిపించింది, నన్ను తిడితే బాగుండుననిపించింది. చివరికి లాప్‌టాప్‌కున్న గిటారు వైరు పీకి డబ్బాలో గుచ్చి, ఒక్క తీగ మీటాడు. ఆ గొంతు పూర్తిగా ఆరిపోయేదాకా ఆగి విన్నాడు. ఇంకోసారి మీటాడు. ఈసారి చెవి దగ్గరగా వంచాడు.

"వాడు పోయినప్పుడు ముప్పై గూడ లేవు. బతికుంటె ఇయ్యాల డెబ్బైకి దగ్గరుండేటోడు" అన్నాడు. "గొంతు గట్లనే ఉంటుండెనా? మారుతుండె గదా, చెల్లె."

తల ఊపాను. ఆయన డబ్బాను కండువాలో చుట్టి సంచిలో పెట్టుకుని లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, లాప్‌టాప్ వైపు గడ్డంతో చూపించాడు.

"గా పిల్లగాడు మీ తాననే ఉండనీ. నలుగురికి పాడనీ. గీ ముసలోన్ని నేను ఇంటికి తోల్కపోత."